సన్నాయి గుండె చప్పుడు

జులై 6, ఆదివారం

ఈ డైరీ బుకింగుల కోసం కొన్నది. ఎవరి పెళ్లికి, ఎవరి బోనాలకు, ఏ రోజు మైక్ సెట్ పెట్టాలో రాసుకోవడానికి ఏటా ఒకటి కొంటాను. ఈ ఏడు సగం గడిచినా పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆషాఢం కదా, ముహూర్తాలు లేవు అని బాలమణితో అంటే, "చైత్రంల గూడ లేకుండెగా" అంది. నా భార్యకు పంచాంగం బాగా గుర్తుంటుంది.

డీజేలు వచ్చాక మేడ్చల్‌లో పరమేశ్ మైక్ సెట్ ఎవరికి కావాలి? సరే, కాగితం ఊరికే పోకూడదని ఇందులో సన్నాయి సంగతి రాస్తున్నాను.

సన్నాయి మా కుక్క. పదకొండేళ్ల కిందట శామీర్‌పేటలో ఒక పెళ్లి అయిపోయాక సామాను సర్దుతుంటే యాంప్లిఫయర్ పెట్టెలో వెచ్చగా ముడుచుకుని దొరికింది. గుప్పెడంత పిల్ల. ఎత్తుకుంటే సన్నాయి శ్రుతి చేస్తున్నట్టు ఒకటే ఏడుపు. మాకు పిల్లలు లేరు. బాలమణి ఆ రోజు దాన్ని కొంగులో వేసుకుంది, ఇప్పటిదాకా దించలేదు.

నెల నుంచి దగ్గుతోంది. నిన్న ఆటోలో సుచిత్ర చౌరస్తా దగ్గరి కుక్కల ఆసుపత్రి దాకా తీసుకుపోయాం. ఫ్లైఓవర్ పనుల వల్ల గంటన్నర పట్టింది. దారంతా వణికింది. నాలుక నీలం రంగుకు తిరిగింది. బాలమణి ఒళ్లో పెట్టుకుని ఏదో చెబుతూనే ఉంది, దానికి వినబడిందో లేదో.

డాక్టరమ్మ పేరు హర్షిత. చిన్నపిల్ల, చదువు అయిపోయి ఏడాదైనా అయిందో లేదో. గుంటూరు వైపు మాట. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవట్లేదండి. సందులోంచి రక్తం వెనక్కి పోతోంది. గాలి ఊదినట్టు ఆ చప్పుడు నాకు వినబడుతోంది. పూర్తిగా నయం కాదు. కానీ మందు ఎప్పటికప్పుడు సర్దుకుంటూ పోతే ఏడాది, రెండేళ్లు హాయిగా బతికిన కుక్కలు ఉన్నాయి," అంది.

సర్దుకుంటూ పోవాలంటే వారం వారం చూపించాలట. ఆ ఆటో ప్రయాణం వారం వారం అంటే జబ్బు కన్నా ముందు రోడ్డే దాన్ని తీసుకుపోతుంది. అప్పుడు నోరు తెరిచాను. "మేడమ్, మీకు గావాల్సింది చప్పుడే గదా. చప్పుడు నేను పంపిస్త. ముప్పై ఏండ్ల సంది అదే పని నాది."

ఆమె నవ్వింది. నెలకోసారి మాత్రం తీసుకురావాలంది. పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి అది కూడా పంపమంది. ముప్పై దాటితే ఆలస్యం చేయొద్దంది.

జులై 8, మంగళవారం

మందుల షాపులో ఒక స్టెతస్కోపు కొన్నాను. చెవుల వైపు గొట్టం కోసేసి, పాత కాలర్ మైక్ లోపలి బొడిపె తీసి అందులో దూర్చాను. గాలి పోకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. వైరు మిక్సర్‌కు, మిక్సర్ నుంచి ఒకటి హెడ్‌ఫోన్లకు, ఒకటి ఫోన్‌కు. మొదట కరెంటు గుయ్యిమని మోగింది, ఎర్తింగ్ సరిచేస్తే పోయింది.

సన్నాయి పక్కకు తిరిగి పడుకుంది. ఎడమ మోచేయి వెనక, డాక్టరమ్మ చూపించిన చోట పెట్టాను. చెవుల్లో దాని గుండె పడింది. ధుబ్-టప్. ధుబ్-టప్. నేను ఎన్నో చప్పుళ్లు విన్నాను, మైకులోంచి మంత్రుల గొంతులు, పెళ్లికూతుళ్ల ఏడుపులు విన్నాను. ఇలాంటిది వినలేదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. బాలమణికి కూడా హెడ్‌ఫోన్లు పెట్టాను. "మధ్యల గా సుయ్యి ఏంది?" అంది.

అదే జబ్బు, అన్నాను.

జులై 9, బుధవారం

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "పరమేశ్ గారూ, నా స్టెత్‌లో కూడా ఇంత శుభ్రంగా వినబడదండీ. దీన్ని మొదటి రోజు చప్పుడుగా పెట్టుకుంటాను. మూడు రోజులకొకటి ఇలాగే పంపండి. ఆ ఊదే చప్పుడు దీనికన్నా పెరిగితే మందు మారుద్దాం. సెట్టింగులు ఏవీ మార్చకండి, ఎలా వస్తే అలా పంపండి," అంది.

ఇంత శుభ్రంగా వినబడదట. బాలమణికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పబోతే, "ఇన్న" అంది.

జులై 12, శనివారం

ఊపిరి లెక్క బాలమణి పెడుతుంది. నేను గడియారం చూసి మొదలు, ఆపు అంటాను. పొట్ట లేచినప్పుడల్లా ఒక చింతగింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వేస్తుంది. తర్వాత గింజలు లెక్కపెడుతుంది. ఇరవై నాలుగు.

ఒంట్లో చేరిన నీరు తీసేసే మాత్ర, డాక్టరమ్మ నీళ్ల మాత్ర అంటుంది, పని చేస్తోంది. దగ్గు తగ్గింది. పొద్దున పాల ప్యాకెట్ వాణ్ని చూసి మొరిగింది కూడా. వాడు కూడా సంతోషించాడు.

జులై 18, శుక్రవారం

ఇరవై ఐదు. చప్పుడు మామూలే. మామూలే అంటే మధ్యలో సుయ్యి కొంచెం ఎక్కువైనట్టు అనిపించింది. బొచ్చు రాపిడి అయి ఉంటుంది. బొచ్చు కత్తిరించి, కొంచెం కొబ్బరినూనె రాసి మళ్లీ పెట్టాను. అయినా ఉంది.

సన్నని చప్పుళ్లను పెంచి తగ్గించే ట్రెబుల్ నాబ్ గడియారం ముల్లులా నిటారుగా పన్నెండు మీద ఉండేది. పదకొండుకు తిప్పాను. మొదటి రోజు లాగే వచ్చింది. పంపాను.

జులై 19, శనివారం

డాక్టరమ్మ మెసేజ్: "తేడా ఏమీ లేదండి, చాలా సంతోషం. అదే మందు కంటిన్యూ."

జులై 27, ఆదివారం

సెట్టింగులు మార్చొద్దంది నిజమే. కానీ ఆమెకు మైకుల సంగతి తెలియదు. మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం ఇది: సౌండ్ చెక్‌లో పెట్టుకున్న లెవెల్ చివరిదాకా మారకూడదు. మాట్లాడేవాడి గొంతు పెరిగినా తగ్గినా జనానికి ఒక్కలాగే వినబడాలి, మైక్ సెట్ వాడి చెయ్యి నాబ్ మీదే ఉండాలి. ఎండకు, వానకు, తేమకు మైక్ ఒక్కో రోజు ఒక్కోలా పలుకుతుంది. ఇప్పుడు వానలు. తేమకు ఈ బొడిపె మైకులు సుయ్యిమంటాయి. అది సరిచేయడం మార్చడం కాదు, ఉన్నది ఉన్నట్టు పెట్టడం.

నాబ్ పది మీద.

ఆగస్టు 2, శనివారం

బాలమణి ముప్పై రెండు అంది. మళ్లీ లెక్కపెట్టమన్నాను. ముప్పై ఒకటి. ఇంకోసారి అన్నాను.

"ఎన్నిసార్లు వెడ్తవ్? గింజలు అబద్ధం జెప్తయా?" అంది.

కల వస్తున్నట్టుంది సన్నాయికి, కాళ్లు కదిలించింది. కలలో కుక్కలు పరిగెత్తుతాయి, పరిగెత్తితే ఊపిరి పెరుగుతుంది. ఎవరికైనా అంతే. ఇరవై తొమ్మిది అని పంపాను.

ఆగస్టు 3, ఆదివారం

ఈ వారం సుచిత్రకు తీసుకుపోవాలి. వాన. ఆటోలో తడుస్తుంది. వచ్చే వారం చూద్దాం అని మెసేజ్ పెట్టాను. "రికార్డింగులు బాగానే ఉన్నాయి కాబట్టి పర్లేదండి" అంది.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. బాలమణి అన్నకు రాఖీ కట్టడానికి అలియాబాద్ పోయింది. ఒక్కణ్నే లెక్కపెట్టాను, గింజలు లేకుండా, మనసులో. ఇరవై ఏడు. చూశావా?

సన్నాయి గడప దగ్గరే కూర్చుంది, బాలమణి వచ్చేదాకా. పడుకోలేదు. ముందు కాళ్లు చాచి, మెడ ఎత్తి కూర్చుంటుంది ఈ మధ్య. రాజుగారి గుర్రం లాగా ఉన్నావే అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

బాలమణి అడిగింది. "అది పండుకుంట లేదు, సూస్తున్నవా? పండుకుంటె దమ్మాడ్తలేదు. గందుకే కూసుంటుంది."

వయసు అన్నాను. నాకు కూడా పడుకుంటే మోకాళ్లు లాగుతాయి, నేను చెబుతున్నానా?

"నీ మోకాళ్ల లెక్క ఎవడు అడిగిండు," అంది.

నాబ్ తొమ్మిది మీద.

ఆగస్టు 15, శుక్రవారం

స్కూల్లో జెండాకు మైక్ పెట్టాను. పిల్లలు బాగా పాడారు. మొగులయ్య అక్కడే కలిశాడు. మా వీధి గణేశ్ మండపం ఆయన చేతిమీదుగానే నడుస్తుంది. "పరమేశన్నా, డీజే వెడితె పోలీసోళ్లు ఒప్పుకుంటలేరు. ఈసారి నీ మైక్ సెట్టే. పది దినాలు. నిమజ్జనం దాకా నువ్వే," అన్నాడు.

పది రోజులు! డైరీ తీసి ఆగస్టు 27 నుంచి వరసగా రాసుకున్నాను. పేజీలు నిండితే ఎంత బాగుంటుందో మరిచిపోయాను.

ఇంటికొచ్చి సన్నాయికి చెప్పాను. తోక ఒకసారి నేలకు కొట్టింది. అన్నం ముట్టలేదు. మటన్ రసం పోస్తే రెండు ముద్దలు తింది. తింటోంది కదా.

ఆగస్టు 20, బుధవారం

ముప్పై ఎనిమిది అంటుంది బాలమణి. ఆమెకు లెక్క రాదు. ఒక్కోసారి రెండు గింజలు పడతాయి చేతిలోంచి.

ఇరవై ఎనిమిది.

ఇవాళ ఒక సంగతి. నాబ్ ఎనిమిదికి తిప్పితే సుయ్యితో పాటు "టప్" కూడా సన్నబడింది. దాన్ని లేపడానికి వేరే నాబ్ తిప్పాల్సి వచ్చింది. అరగంట పట్టింది. మొదటి రోజుది ఒక చెవిలో, ఇవాళ్టిది ఒక చెవిలో పెట్టుకుని కలిపాను. కలిసింది. ముప్పై ఏళ్లలో ఇంత సన్నని పని చేయలేదు. ఉస్తాద్ ఉంటే వీపు తట్టేవాడు.

పంపాక హెడ్‌ఫోన్లు తీయకుండా, నాబులన్నీ పన్నెండుకు పెట్టి ఒకసారి విన్నాను. వెంటనే తీసేశాను.

ఆగస్టు 24, ఆదివారం

"మొదటి రోజు లాగే ఉందండి. ఇలాంటి కేసు నాకు ధైర్యం ఇస్తోంది" అని డాక్టరమ్మ మెసేజ్.

చదివి బాలమణికి చూపించాను. ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఆగస్టు 26, మంగళవారం

మండపానికి హారన్లు కట్టాను. వాన. సన్నాయి దగ్గు. రేపు పొద్దున పూజకు మైక్ టెస్టింగ్.

ఆగస్టు 27, బుధవారం

సన్నాయి పోయింది.

ఆగస్టు 29, శుక్రవారం

రాయాలి.

బుధవారం పొద్దున నేను మండపం దగ్గర ఉన్నాను. పంతులు గారి గొంతు చిన్నది, లెవెల్ పెడుతున్నాను. సన్నాయి పొద్దున్నుంచి లేవలేదు. పోయేటప్పుడు బాలమణి, "సుచిత్రకు వోదాం పా" అంది. పూజ కాగానే వస్తా అన్నాను. బాగానే ఉంది కదా, మొన్ననే డాక్టరమ్మ బాగుందన్నది కదా అన్నాను. ఆ మాట నేనే అన్నాను. గట్టిగానే అన్నాను.

బాలమణి నన్ను మళ్లీ అడగలేదు. తనే ఆటో పిలుచుకుని, దాన్ని దుప్పట్లో చుట్టి తీసుకుపోయింది. కండ్లకోయ దాటాక, కొంపల్లి ఇంకా రాకముందే, ట్రాఫిక్‌లో ఆగి ఉన్న ఆటోలో పోయిందట. రెండుసార్లు మెడ ఎత్తి, మూడోసారి ఎత్తలేదట. బాలమణి ఆటో తిప్పించింది.

నేను పూజ అయ్యాక ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆటో. డ్రైవర్ దిగి నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. బాలమణి లోపలే కూర్చుంది, దించలేదు. "ముట్టుకో, ఇంక వేడిగనే ఉన్నది," అంది.

అలియాబాద్‌లో ఆమె అన్న చెలకలో పెట్టాం. వానకు మట్టి మెత్తగా ఉంది, గడ్డపార తేలిగ్గా దిగింది. మెడలో బెల్టు బాలమణి విప్పింది. నేను మట్టి వేయలేకపోయాను. ఆమె అన్న వేశాడు.

మర్నాడు మండపానికి పోయి మైక్ పెట్టాను. పెట్టకపోతే ఎట్లా? పాటలు వస్తున్నంతసేపు అక్కడే కూర్చున్నాను.

సెప్టెంబరు 2, మంగళవారం

మెసేజ్ పెట్టలేక పెట్టలేక ఇవాళ పెట్టాను, సన్నాయి పోయిందని. వెంటనే ఫోన్ చేసింది డాక్టరమ్మ. ఏడుస్తోంది.

"ఎలా జరిగిందండీ? నేను అన్నీ మళ్లీ మళ్లీ విన్నాను. పెరిగిన గుర్తే లేదు. ఏదో నేనే పట్టుకోలేకపోయాను పరమేశ్ గారూ. రికార్డింగు విని, రాకపోయినా పర్లేదన్నది నేనే కదా. రమ్మని పట్టుబట్టాల్సింది. నీళ్ల మాత్ర డోసు పెంచి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. నా తప్పేనండి."

కాదు మేడమ్, మీ తప్పేం లేదు అన్నాను. ఫోన్ పెట్టేశాను.

డోసు పెంచి ఉంటే.

సెప్టెంబరు 4, గురువారం

డాక్టరమ్మకు చెప్పలేదు.

సెప్టెంబరు 6, శనివారం

నిమజ్జనం. లారీ మీద మైక్ పెట్టుకుని శామీర్‌పేట చెరువు దాకా పోయి వచ్చాను. మొగులయ్య, "ఒక్క గరగర లేదన్నా, నీ సౌండ్ అంటె సౌండ్," అని శాలువా కప్పాడు. ఇంటికి తెచ్చి సామాను గదిలో పడేశాను.

డాక్టరమ్మకు చెప్పలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున అన్నం పెడుతూ బాలమణి అడిగింది. "అది ఉన్నప్పుడు రికార్డు జేసినవ్ గదా. ఒక్కసారి వెట్టు, నేను ఇంట."

పెట్టాను. పద్దెనిమిది ఉన్నాయి. మొదటిది విన్నది. రెండోది. ఏడోది. అన్నీ విన్నది, కళ్లు మూసుకుని. ధుబ్-టప్, ధుబ్-టప్. ఆఖరిది అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"గిది దానిది గాదు," అంది. "దాని దమ్ము ఏది? రాత్రి పగలు నేను ఇన్న చప్పుడు ఏది? పానం వోయే నాడు ఎట్లున్నదో, మొదటి నాడు గట్లనే ఉన్నది గిండ్ల."

అప్పుడు చెప్పాను. ఏ రోజు ఎక్కడికి తిప్పానో, ఏ రోజు ముప్పై ఎనిమిదిని ఇరవై ఎనిమిది చేశానో, అన్నీ చెప్పాను. ఈ డైరీ కూడా ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. అంకెలున్న చోటల్లా వేలు పెట్టి చూసింది. డాక్టరమ్మ తన తప్పు అనుకుని ఏడ్చిన సంగతి కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. డైరీ మూసి, "రేపు సుచిత్రకు వోదాం పా," అంది.

సెప్టెంబరు 9, మంగళవారం

అదే దారి, అదే ట్రాఫిక్. కొంపల్లి రాకముందు ఒకచోట బాలమణి బయటికి చూసింది. ఇక్కడేనా అని అడగలేదు నేను.

మమ్మల్ని చూడగానే డాక్టరమ్మ లేచి నిలబడింది. మనిషి చిక్కిపోయింది. బయట ఇద్దరు ముగ్గురు కుక్కలతో కూర్చుని ఉన్నా, తలుపు మూసి మమ్మల్ని కూర్చోబెట్టింది. నేను మాట ఎత్తుకోలేక టేబుల్ మీది కాగితాలు చూస్తుంటే ఆమే అంది:

"నేను చాలా ఆలోచించానండి. ఇంట్లో చేసిన పరికరం కదా. పెరిగిన చప్పుడు దానికి అందలేదేమో. మనిద్దరి తప్పూ కాకపోవచ్చు."

ఎంత మంచి పిల్ల. నాకు దారి చూపించింది. అవును మేడమ్, పరికరంలోనే లోపం అంటే అయిపోయేది. ముగ్గురం ఇళ్లకు పోయేవాళ్లం.

"అందింది మేడమ్," అన్నాను. "నా యంత్రంల లోపం లేదు. దానికి ఇనబడ్డది. నాకు గూడ ఇనబడ్డది. రోజూ ఇనబడ్డది. మీకు ఇనబడకుంట నేను తగ్గించి పంపిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. నాబుల సంగతి, మొదటి రోజు లెవెల్ సంగతి, ఊపిరి లెక్క సంగతి మళ్లీ చెప్పాను. వింటూ వింటూ ఆమె మొహం రాయిలా అయింది. "ఎందుకండీ?" అంది. "నన్ను మోసం చేస్తే మీకేం వస్తుంది?"

మిమ్మల్ని కాదు మేడమ్ అనబోయి తల దించుకున్నాను.

బాలమణి నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయి ముప్పై ఏళ్లు, నలుగురిలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

"బిడ్డా," అంది డాక్టరమ్మతో. "ఆయన ఒక్కడే గాదు. నాబు తిప్పుతుంటే నేను పక్కనే ఉన్న. నేను జెప్పిన లెక్క ఇడిసిపెట్టి ఫోన్ల వేరే అంకె కొడుతుంటే సూసిన. నీ నంబరు నా దగ్గర గూడ ఉండె. ఒక్క ఫోన్ జేస్తె అయిపోవు. జెయ్యలే. నువ్వు బాగున్నది అని పంపినప్పుడల్లా, నాకు గూడ గదే ఇనాలె అనిపిచ్చింది."

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంది. బయట ఒక కుక్క మొరుగుతోంది, లోపలికి వస్తానని. ఆమె లేచి తలుపు తీసి, తర్వాతి వాళ్లను రమ్మంది.